యుద్ధకాలంలో నిజం: ఎవరికి చెప్పాలి, ఎప్పటిదాకా దాచవచ్చు

2025 మే 8వ తేదీ రాత్రి నెల్లూరు మద్రాసు బస్టాండు దగ్గర గానీ, ఒంగోలు అద్దంకి బస్టాండు కూడలిలో గానీ టీ దుకాణంలో నిలబడి టీవీ చూసినవారు కరాచీ రేవు ధ్వంసమైందని నమ్మే ఇంటికి వెళ్లి ఉంటారు. ఆ రాత్రి కొన్ని జాతీయ చానళ్లు అంత ధీమాగా ఆ మాట చెప్పాయి. అది జరగలేదని ఆ తరువాత తేలింది. మూడు వారాలు గడిచాక, మే 31న, త్రిదళాధిపతి (చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్) జనరల్ అనిల్ చౌహాన్ సింగపూర్‌లో ఒక విదేశీ వార్తాసంస్థతో మాట్లాడుతూ, ఆ నెలలో పాకిస్థాన్ మీద జరిపిన ఆపరేషన్ సిందూర్‌లో భారత్ కూడా కొన్ని యుద్ధవిమానాలను కోల్పోయిందని ఒప్పుకొన్నారు. ఎన్ని అన్నది చెప్పలేదు. పాకిస్థాన్ చెబుతున్న ఆరు అనే సంఖ్య పూర్తిగా తప్పని, అవి కూలడం కంటే ఎందుకు కూలాయన్నదే ముఖ్యమని మాత్రం అన్నారు.

ఆ మాట వెలువడగానే వాదం రెండుగా చీలింది. యుద్ధం వేడి ఇంకా చల్లారకముందే నష్టాన్ని పరాయి గడ్డ మీద చెప్పుకోవడమేమిటని ఒక పక్షం నిలదీసింది. దేశ ప్రజలకు, పార్లమెంటుకు చెప్పనిది విదేశీ విలేఖరులకు ముందుగా చెప్పడమేమిటని రెండో పక్షం నిలదీసింది. రెండు ప్రశ్నలూ సబబైనవే అయినా, ఇలాంటి వాదాలు ముందుకు సాగకపోవడానికి కారణం ఒకటుంది. శత్రువును ఏమార్చడం, ప్రజలకు కొంతకాలం చెప్పకుండా ఉండడం, ప్రజలకు అబద్ధం చెప్పడం, మన సైనికులే తప్పు చేసినప్పుడు దానిని కప్పిపుచ్చడం అనే నాలుగు వేర్వేరు పనులను అందరూ ఒకే ముడిగా బిగించి మాట్లాడుతున్నారు. నా అభిప్రాయం ముందే చెబుతాను. మొదటిది యుద్ధవిద్యలో భాగం. రెండోది గడువు ఉన్నంతవరకే సమర్థనీయం. చివరి రెండింటినీ ఏ గెలుపు పేరు చెప్పినా సమర్థించలేము.

శత్రువును ఏమార్చడం

దీనికి ఉదాహరణ మన తీరం మీదే దొరుకుతుంది. 1971 చివర్లో పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ బంగాళాఖాతంలోకి వచ్చింది. విక్రాంత్‌ను అప్పటికే అండమాన్ వైపు తరలించి దాచారు. అది విశాఖపట్నం దగ్గరే ఉన్నదన్న భ్రమ కల్పించడానికి ఆనాటి తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ పాత నౌక రాజ్‌పుత్ చేత విక్రాంత్ వేషం వేయించారు. పెద్ద నౌక ఉన్నచోట ఎన్ని వైర్‌లెస్ సందేశాలు నడుస్తాయో అన్నీ నడిపించారు. అంత సిబ్బందికి సరిపడా సరుకులు కావాలని కబురు పెట్టించారు. డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి ఘాజీ విశాఖ రేవు సమీపంలో మునిగింది. అందులో ఉన్న దాదాపు 90 మందిలో ఒక్కరూ బతకలేదు.

ఇది మోసమే, కానీ యుద్ధ న్యాయం ఒప్పుకొనే మోసం. 1907 నాటి హేగ్ నిబంధనలు యుద్ధ తంత్రాలను, శత్రువు గురించి సమాచారం రాబట్టే ఉపాయాలను అనుమతిస్తూనే, నమ్మకద్రోహం చేసి చంపడాన్ని నిషేధించాయి. తెల్లజెండా ఎత్తి దగ్గరకు రప్పించి కాల్చడం, రెడ్‌క్రాస్ గుర్తు వేసుకున్న వాహనంలో ఆయుధాలు మోయడం ఈ రెండో కోవలోకి వస్తాయి. తేడా ఎక్కడుందంటే, వేషం వేసిన నౌక శత్రువు తెలివిని మాత్రమే పరీక్షిస్తుంది. తెల్లజెండా మాటున కాల్చినవాడు రేపు నిజంగా లొంగిపోవాలనుకున్న ప్రతి సైనికుడి ప్రాణానికీ రక్షణ లేకుండా చేస్తాడు.

విశాఖలో సరుకుల కబురు విన్న వ్యాపారి కూడా మోసపోయాడు కదా అని అడగవచ్చు. మోసపోయాడు, కానీ ఆ మోసం అతని కోసం అల్లినది కాదు, దాని ఆయుష్షు కొన్ని రోజులే. చిక్కు ఆ తరువాత మొదలైంది. ఘాజీని తమ రాజ్‌పుత్ విసిరిన డెప్త్ చార్జీలే (నీటి అడుగున పేలే బాంబులే) ముంచాయని భారత నౌకాదళం ప్రకటించింది. ప్రమాదవశాత్తు లోపల పేలుడు జరిగిందని గానీ, తాను పరిచిన మందుపాతరలే దానికి తగిలాయని గానీ పాకిస్థాన్ చెబుతూ వచ్చింది. ఐదు దశాబ్దాలు దాటినా ఇది తెగలేదు. ఆనాటి పత్రాలు కొన్ని తరువాతి కాలంలో ధ్వంసమయ్యాయని మన విశ్రాంత సైనికాధికారులే బహిరంగంగా చెప్పారు. యుద్ధంలో శత్రువుకు చెప్పిన అబద్ధం వల్ల ప్రజలకు నష్టమేమీ జరగలేదు. యుద్ధం ముగిశాక కాగితం మిగల్చకపోవడం వల్ల మాత్రం జరిగింది.

మౌనం, ఆలస్యం, అబద్ధం

ప్రజలకు చెప్పకుండా ఉండడంలో తప్పు పట్టలేని భాగం చాలానే ఉంది. దళాలు ఎక్కడున్నాయి, ఎటు కదులుతున్నాయి, ఏ ఆయుధం ఎంత మిగిలింది అన్నవి నడుస్తున్న యుద్ధంలో ఏ ప్రభుత్వమూ చెప్పదు, చెప్పకూడదు. 2008 నవంబరు ముంబయి దాడుల్లో కమాండోల కదలికలను టీవీలు ప్రత్యక్షంగా చూపడం లోపలున్న ఉగ్రవాదులకు, వారిని నడిపిస్తున్నవారికి ఉపయోగపడింది. 2012లో కసబ్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఆ ప్రసారాలను తీవ్రంగా తప్పుపట్టింది. ఇప్పుడు కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం ఉగ్రవాద వ్యతిరేక చర్యలను ప్రత్యక్షంగా చూపరాదు. చర్య ముగిసేదాకా అధీకృత అధికారి ఎప్పటికప్పుడు ఇచ్చే వివరాలకే పరిమితం కావాలి. 2025 ఏప్రిల్, మే నెలల్లో కేంద్రం ఇదే నిబంధనను గుర్తు చేసింది. విచిత్రమేమిటంటే, జరిగినదానిని చూపరాదన్న నియమాన్ని చానళ్లు చాలావరకు పాటించాయి. జరగనిదానిని చెప్పరాదన్న ఇంగితం దగ్గరే జారిపోయాయి.

ఆలస్యం సంగతి ఇంత తేలిక కాదు. 2019 ఫిబ్రవరి 27న, బాలాకోట్ దాడి జరిగిన మరునాడు, కశ్మీర్‌లోని బడ్గామ్ వద్ద మన వైమానిక దళానికి చెందిన ఎమ్‌ఐ-17 హెలికాప్టర్ కూలింది. ఆరుగురు వాయుసైనికులు, నేల మీద ఉన్న ఒక పౌరుడు చనిపోయారు. కూల్చింది మన క్షిపణేనని, అది పెద్ద తప్పిదమని వైమానిక దళాధిపతి రాకేశ్ కుమార్ సింగ్ భదౌరియా ఒప్పుకొన్నది అక్టోబరు 4న. విచారణకు సమయం పడుతుందన్నది నిజం. ఆ నడుమ లోక్‌సభ ఎన్నికలు జరిగి మే 23న ఫలితాలు వచ్చాయన్నదీ నిజం. ఈ రెండింటికీ సంబంధం ఉన్నదని నేను అనడం లేదు. సంబంధం ఉన్నదేమోనని జనం అనుకునే అవకాశం ఇవ్వడమే ఆలస్యంలో ఉన్న అసలు నష్టం. అయినా ఇది అబద్ధం కాదు. దళాధిపతి స్వయంగా బయటికి వచ్చి తప్పు మాదేనని చెప్పడం చాలా దేశాల సైన్యాల్లో అరుదు.

సూటి అబద్ధానికి ఉదాహరణ సరిహద్దు అవతల ఉంది. 1999లో కార్గిల్ శిఖరాల మీదికి వచ్చినది తన సైనికులు కారని, ముజాహిదీన్‌లని పాకిస్థాన్ చెప్పింది. ఆ మాట నిలబెట్టుకోవడానికి తన సైనికుల మృతదేహాలను చాలావరకు తీసుకోలేకపోయింది. వాటిలో ఎన్నింటినో మత సంప్రదాయం ప్రకారం ఖననం చేసింది భారత సైన్యం. అప్పట్లో బీజింగ్‌లో ఉన్న జనరల్ ముషారఫ్, రావల్పిండిలోని తన ముఖ్య అధికారితో ఫోన్‌లో మాట్లాడిన మాటలను మన ప్రభుత్వం ఆ జూన్‌లోనే బయటపెట్టింది. చివరికి 2010లో పాకిస్థాన్ సైన్యం తన వెబ్‌సైట్‌లో 453 మంది పేర్లను కార్గిల్ మృతులుగా చేర్చింది. పదకొండేళ్లపాటు ఆ కుటుంబాలకు తమవాడు ఎక్కడ, ఎలా పోయాడో సొంత సైన్యమే సరిగా చెప్పలేదు. శత్రువు ఆ అబద్ధాన్ని మొదటి నెలలోనే పట్టేశాడు. దెబ్బతిన్నది సొంతవాళ్లే.

మన దగ్గరి లోపం మరో రకమైనది. 1962 నవంబరులో, చైనాతో యుద్ధం ఇంకా నడుస్తుండగానే, పార్లమెంటు సమావేశమైంది. చర్చను రహస్యంగా జరపాలన్న సూచనను నెహ్రూ తోసిపుచ్చారు. సభ్యులు ప్రభుత్వాన్ని అందరి ఎదుటా కడిగేశారు, రక్షణమంత్రి కృష్ణమీనన్ పదవి అప్పటికే పోయింది. ఇంత గొప్ప సంప్రదాయం ఉన్న దేశం, అదే ఓటమి మీద లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్, బ్రిగేడియర్ భగత్ 1963లో ఇచ్చిన నివేదికను మాత్రం నేటికీ అధికారికంగా బయటపెట్టలేదు. 2010లో రక్షణమంత్రి ఎ.కె. ఆంటోనీ అందులోని విషయాలకు ఇప్పటికీ సైనిక ప్రాధాన్యం ఉన్నదని పార్లమెంటుకు చెప్పారు. 2014లో నెవిల్ మాక్స్‌వెల్ అనే విదేశీ పాత్రికేయుడు అందులో చాలా భాగాన్ని ఇంటర్నెట్‌లో పెట్టాక, దాన్ని చదవాలనుకున్న ఎవరైనా చదవగలరు. దాచి ప్రయోజనం ఏమిటో నాకు బోధపడదు.

ద్రోణవధ తరువాత పాండవ శిబిరంలో

సైనికుల ప్రవర్తన మీద వాదం వచ్చినప్పుడు, యుద్ధం నడుస్తుండగా ఇలాంటి మాటలెత్తడం మన సంస్కృతి కాదని కొందరు అంటారు. నెల్లూరులో నిలబడి ఆ మాట అనడం కష్టం. మనుమసిద్ధి కొలువులో ఉంటూ విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాలు తెలుగు చేసిన తిక్కన ఊరు ఇది. ఆ పదిహేనింటిలో ద్రోణపర్వం ఒకటి. అశ్వత్థామ చనిపోయాడని ధర్మరాజు చేత చెప్పించి, ఏనుగన్న మాటను లోగొంతుకతో అనిపించిన కథ తెలియనివారు మన జిల్లాల్లో లేరు. భూమికి నాలుగంగుళాల ఎత్తున నడిచే ధర్మరాజు రథం ఆ క్షణంలో నేలను తాకిందన్నది కూడా అందరికీ తెలుసు. అంతగా గుర్తుండనిది ఆ తరువాతి ఘట్టం.

అస్త్రాలు వదిలేసి యోగంలో కూర్చున్న ద్రోణుడి తలను ధృష్టద్యుమ్నుడు నరికాడు. ప్రాణాలతో పట్టి తెమ్మని అర్జునుడు అరుస్తూనే ఉన్నాడు. వెంటనే, శత్రుసైన్యం ఎదురుగా ఉండగానే, గెలుస్తున్న పక్షంలో కొట్లాట మొదలైంది. అబద్ధమాడి గురువును చంపించావని అర్జునుడు అన్నగారిని తప్పుపట్టాడు. ద్రౌపదిని సభకు ఈడ్చినప్పటి అన్యాయాలు మరిచావా అని భీముడు అర్జునుడి మీద విరుచుకుపడ్డాడు. దివ్యాస్త్రాలు తెలియని మామూలు సైనికుల మీద బ్రహ్మాస్త్రం వాడినవాడికి ధర్మమేమిటని ధృష్టద్యుమ్నుడు తనను సమర్థించుకున్నాడు. ఆ ఆరోపణ ఉత్తది కాదు. ఋషులే వచ్చి ద్రోణుణ్ణి ఆ విషయంలో మందలించారని భారతమే చెబుతుంది. సాత్యకి ధృష్టద్యుమ్నుణ్ణి తిట్టాడు. ప్రాయోపవేశం చేసి కూర్చున్న భూరిశ్రవుడి తల నరికిన నువ్వా నాకు చెప్పేదని ధృష్టద్యుమ్నుడు తిప్పికొట్టాడు. సాత్యకి గద ఎత్తాడు. పట్టి ఆపవలసి వచ్చింది.

ఈనాటి వాదాల్లో వినిపించే మాటలన్నీ ఆ కొట్లాటలో ఉన్నాయి. వాళ్లు మొదలుపెట్టారు, మీరూ చేశారు, చచ్చినవాడు మంచివాడు కాదు, గెలవాలంటే తప్పదు, ఇప్పుడు ఈ మాటలెందుకు. వ్యాసుడు గానీ తిక్కన గానీ ఆ వాదాన్ని దేశద్రోహమని కొట్టేయలేదు, ఒకరిని గెలిపించి ముగించనూ లేదు. అయితే భారతం దగ్గర లేని ఒక పరిష్కారం నేటి న్యాయశాస్త్రం దగ్గర ఉంది. 1949 జెనీవా ఒప్పందాల మొదటి అధికరణమే, అన్ని పరిస్థితుల్లోనూ వాటిని పాటించాలని రాజ్యాలను కట్టిపడేస్తుంది. అవతలివాడు ఉల్లంఘించాడన్నది ఇవతలివాడికి అనుమతిగా మారదు. భారత్ ఆ ఒప్పందాలను ఆమోదించి 1960లో చట్టం కూడా చేసింది. కాబట్టి బందీని చంపారా, పౌరులను కాల్చారా అని ఒక పౌరుడు అడిగితే, అతడు సైన్యం తానే ఒప్పుకొన్న కొలమానంతో అడుగుతున్నాడు. సైన్యాన్ని కించపరచడం అంటే ఇది కాదు.

అడిగాక ఏం జరుగుతుందన్నది వేరే కథ. 2021 డిసెంబరు 4న నాగాలాండ్‌లోని ఓటింగ్ అనే గ్రామం దగ్గర, బొగ్గు గనుల్లో పని ముగించుకుని వాహనంలో ఇళ్లకు వెళ్తున్న కూలీల మీద సైన్యానికి చెందిన ప్రత్యేక దళం కాల్పులు జరిపి ఆరుగురిని చంపింది. ఆ తరువాతి ఘర్షణల్లో మరికొందరు పౌరులు, ఒక జవాను చనిపోయారు. పొరపాటున తిరుగుబాటుదారులనుకున్నారని హోంమంత్రి పార్లమెంటులో చెబుతూ, ఆగమని సైగ చేస్తే వాహనం వేగం పెంచిందన్నారు. బతికి బయటపడినవారు అలాంటి సైగే లేదన్నారు. రాష్ట్ర పోలీసుల ప్రత్యేక బృందం 30 మంది సైనికుల మీద అభియోగపత్రం వేసింది. సాయుధ దళాల ప్రత్యేక అధికారాల చట్టం ప్రకారం విచారణకు కేంద్రం అనుమతి కావాలి. 2023లో కేంద్రం నిరాకరించింది. 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ క్రిమినల్ కేసులను మూసివేసింది, క్రమశిక్షణ చర్య తీసుకునే స్వేచ్ఛను సైన్యానికి వదిలింది.

ఆ సైనికులు దోషులని నేను ఇక్కడ కూర్చుని తేల్చలేను. అనుమతి నిరాకరణ వాళ్లు నిర్దోషులని కూడా తేల్చలేదన్నదే నా ఫిర్యాదు. సైగ చేశారా లేదా అన్న ఒక్క ప్రశ్నకు బహిరంగ కోర్టులో సాక్ష్యం జరిగి ఉంటే, చేశారని తేలితే ఆ సైనికుల పేరు నిలబడేది, చేయలేదని తేలితే ఆ కుటుంబాలకు జవాబు దొరికేది. ఇప్పుడు రెండు పక్షాలూ తమ తమ కథలతో మిగిలాయి.

తిరిగివచ్చిన సైనికుడి మాట

ఇంతకీ యుద్ధంలో ఏం జరిగిందో బాగా తెలిసినవాడు సైనికుడే. అతణ్ణి మనం ఎలా వింటున్నాం? ఖడ్గ తిక్కన చాటువులు మన ప్రాంతంలో ఇప్పటికీ నోళ్లలో నానుతున్నాయి. పుల్లరి (పశువుల మేతకు కట్టే పన్ను) తగవు ముదిరి కాటమరాజుతో యుద్ధం వచ్చినప్పుడు మనుమసిద్ధి సేనాని ఖడ్గ తిక్కన సైన్యాన్ని కోల్పోయి ఇంటికి తిరిగివచ్చాడు. స్నానానికి నులకమంచం అడ్డుపెట్టి, పసుపు ముద్ద ఉంచి భార్య ఎత్తిపొడిచింది. ఇంట్లో పెద్దలూ మాటలన్నారు. అతడు మళ్లీ పోయి పోరాడి చనిపోయాడు. ఈ కథను మనం వీరగాథగానే చెప్పుకుంటాం. బలగం ఎందుకు చాలలేదు, అసలు ఆ తగవు యుద్ధం దాకా పోవలసినదేనా అని ఆ ఇంట్లో ఒక్కరైనా అడిగారా అన్న ప్రశ్న కథలో లేదు. యుద్ధం నుంచి వచ్చినవాడి నోట గెలుపు కబురు తప్ప మరేదీ వినదలచుకోని ఇల్లు అది.

గిద్దలూరు, కంభం, మార్కాపురం వైపు నుంచి సైన్యంలోకి వెళ్లినవారు ఎందరో ఉన్నారు. సెలవు మీద వచ్చిన జవానును బంధువులు అడిగే ప్రశ్నలు తెలిసినవే. ఎంతమందిని కొట్టారు, మనవాళ్లు ఎంత లోపలికి వెళ్లారు అని అడుగుతారు. చూసినదంతా చెప్పడానికి అతనికి 1923 నాటి అధికార రహస్యాల చట్టం, సైన్య చట్టం అడ్డున్నాయి, అవి ఉండవలసినవే. కానీ చట్టం అడ్డురాని మాటలు కూడా, అంటే భయపడ్డాననీ, పొరపాటు జరిగిందనీ, ఆ ఆజ్ఞ సరైనది కాదనిపించిందనీ అనడానికి కూడా అతనికి చోటు దొరకదు.

ఆ చోటు లేకపోతే ఏమవుతుందో చూపిన ఉదంతం వియత్నాంలోని మై లాయ్. 1968 మార్చి 16న అమెరికా సైనికులు ఆ గ్రామంలో వందలాది నిరాయుధులను చంపారు. 128 మంది శత్రువులు హతమయ్యారని సైన్యం ప్రకటించింది. ఆ రోజు హ్యూ థాంప్సన్ అనే పైలట్ తన హెలికాప్టర్‌ను గ్రామస్థులకు, తన సొంత దేశ సైనికులకు మధ్య దించి కొందరిని కాపాడాడు, పై అధికారులకు ఫిర్యాదు చేశాడు. అది లోపలే ఆగిపోయింది. ఏడాది తరువాత, తోటివాళ్ల నోట ఆ సంగతి విన్న మరో సైనికుడు ఉత్తరాలు రాస్తే విచారణ కదిలింది. 1969 నవంబరులో సీమోర్ హెర్ష్ అనే విలేఖరి దాన్ని లోకానికి చెప్పాడు. థాంప్సన్‌ను స్వదేశంలో చాలామంది ద్రోహి అన్నారు. 1998లో, ముప్ఫై ఏళ్లకు, అదే సైన్యం అతనికి పతకం ఇచ్చింది. సైన్యం పరువు తీశాడనిపించుకున్నవాడే ఆ సైన్యం శిక్షణ పాఠాల్లోకి ఎక్కాడు.

ఇరవై ఐదేళ్ల గడువు

ఈ చిక్కును విప్పే పద్ధతి మనకు తెలియనిది కాదు. కార్గిల్ యుద్ధం ముగిసిన వెంటనే, 1999 జూలై 29న, వాజపేయి ప్రభుత్వం కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన సమీక్ష సంఘం వేసింది. ఐదు నెలల్లోపే నివేదిక వచ్చింది. 2000 ఫిబ్రవరిలో, రహస్యమనుకున్న భాగాలను తీసేసి, పార్లమెంటు ముందు పెట్టారు. నిఘా వైఫల్యాలను అందులో దాచలేదు. దాని వల్ల దేశం బలహీనపడలేదు సరికదా, దాన్ని ఆధారం చేసుకుని 2001లో మంత్రుల బృందం చేసిన సిఫారసుల్లో త్రిదళాధిపతి పదవి ఒకటి. 2025 మేలో సింగపూర్‌లో నష్టాన్ని ఒప్పుకొన్నది ఆ పదవిలో ఉన్న అధికారే. ఆ ఒప్పుకోలు తరువాత ప్రతిపక్షం అదే తరహా సమీక్ష కావాలని అడిగింది. జూలై చివర్లో పార్లమెంటులో రోజుల తరబడి చర్చ జరిగింది. కూలిన విమానాల లెక్క మాత్రం అందులో తేలలేదు. పాకిస్థాన్ యుద్ధవిమానాలు ఐదింటిని, మరో పెద్ద విమానాన్ని కూల్చామని ఆగస్టు 9న మన వైమానిక దళాధిపతి ప్రకటించారు, అవతలివాళ్లు కాదన్నారు. మన నష్టం సంఖ్య ఆ ప్రకటనలోనూ లేదు.

2021 జూన్‌లో రక్షణశాఖ ఆమోదించిన విధానం ఒకటి ఇక్కడ పనికివస్తుంది. యుద్ధం ముగిసిన రెండేళ్లలో చరిత్ర రచనకు సంఘం వేయాలని, తరువాతి మూడేళ్లలో రచన పూర్తి చేయాలని, పత్రాలను సాధారణంగా 25 ఏళ్లలో రహస్య జాబితా నుంచి తొలగించాలని అది చెబుతుంది. ఆ లెక్కన సిందూర్ మీద సంఘానికి 2027 మే దాకా, చరిత్ర పూర్తికి 2030 దాకా సమయం ఉంది. కార్గిల్ పత్రాలకు 25 ఏళ్లు 2024లోనే నిండాయి. హెండర్సన్ బ్రూక్స్ నివేదికకు 1988లో నిండాయి.